ఏ లూయీగారి కుర్చీ?

సంక్రాంతికి ముందు హాల్లోకి కొత్త సోఫా కొనాలని మా అబ్బాయీ, కోడలూ నన్ను కూడా వెంటబెట్టుకుని మాదాపూర్ వైపున్న ఒక ఫర్నిచర్ కొట్టుకి తీసికెళ్ళారు. కొట్టంటే కొట్టు కాదు లెండి, మూడంతస్తుల మేడ. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా ఒక సోఫా సెట్టు. బంగారు రంగు పూసిన చెక్క, ఎర్ర మఖమలు గుడ్డ. పెళ్ళిపందిట్లో వధూవరుల్ని కూర్చోబెట్టే సింహాసనానికి అక్కగారిలా ఉంది.

"లూయీ మోడలమ్మా! అసలు సిసలు ఫ్రెంచి స్టైలు" అన్నాడు కొట్టు కుర్రాడు.

"ఏ లూయీ నాయనా?" అన్నాను.

కుర్రాడు ఒక్క క్షణం తెల్లబోయి, "లూయీ అంటే... కంపెనీ పేరనుకుంటానండీ" అన్నాడు. మా అబ్బాయి "పోనిద్దూ అమ్మా" అన్నట్టు నా వంక చూశాడు.

పోనివ్వడానికి మనసొప్పలేదు. వంగి చూద్దును కదా, ముందు కాళ్ళు పదిహేనో లూయీవి, వీపు పదహారో లూయీది, కింద పాదాలు నెపోలియన్ గారి సింహం పంజాలు! ఒకే కుర్చీలో రాజునీ, మనవణ్ణీ, ఆ వంశాన్ని కూలదోసిన విప్లవం తర్వాత గద్దెనెక్కిన చక్రవర్తినీ కలిపి మేకులు కొట్టేశారన్నమాట. సోఫా కొనకుండానే ఇంటికొచ్చాం. నాకు మాత్రం ఆ లూయీలు బుర్రలోంచి పోలేదు. ఆ ఆదివారం మనవరాల్ని తీసుకుని రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను.

సాలార్‌జంగ్ అనగానే మనందరికీ ముసుగు వేసుకున్న రెబెకా, గంటలు కొట్టే గడియారం గుర్తొస్తాయి. పశ్చిమ దేశాల వస్తువులున్న భాగంలో ఫ్రెంచి సామాను దగ్గర మాత్రం జనం ఎక్కువసేపు నిలబడరు. కుర్చీలే కదా అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే దాటిపోయాను. ఒకసారి ఎవరో పెద్దాయన తన వెంట వచ్చినవాళ్ళకి చెబుతుంటే విన్నాను: ఫ్రెంచి కళ తెలుసుకోవాలంటే బొమ్మలు చూడక్కర్లేదు, కుర్చీ కాళ్ళు చూస్తే చాలట. అది మనకి కొత్త విషయమా చెప్పండి? మంచం కోళ్ళు చూసి ఇంటి అంతస్తు చెప్పే అమ్మమ్మలు మనకీ ఉండేవారు. నులక మంచానికి చదరపు కోళ్ళు, పందిరి మంచానికి తరిమెన పట్టి లక్క పూసిన కోళ్ళు. ఫ్రాన్సు వాళ్ళు ఆ కోళ్ళకి రాజుల పేర్లు పెట్టుకున్నారు, అంతే తేడా.

ముందు పద్నాలుగో లూయీ. 1643లో పసివాడుగా గద్దెనెక్కి 1715 దాకా, అంటే 72 ఏళ్ళు రాజ్యం చేశాడు. 1682లో రాజ్యవ్యవహారమంతా వెర్సాయి కోటకి మార్చాడు. అక్కడి అద్దాల హాలులో 357 అద్దాలు బిగించారు. కళ అంటే ఎలా ఉండాలో నిర్ణయించడానికి చిత్రకారుల అకాడమీ, తివాచీలూ సామానూ చేయడానికి గోబ్లాఁ కార్ఖానా. వాటి మీద పెత్తనం చార్లెస్ లెబ్రాఁ అనే చిత్రకారుడిది. కంసాలి నుంచి వడ్రంగి దాకా అందరూ ఒకే చేతి కింద పనిచేశారు కాబట్టే అది ఒక 'స్టైలు' అయింది. ఆయన కాలపు కుర్చీ చూస్తే ఆయన్ని చూసినట్టే. ఎత్తయిన వీపు, నిటారు కాళ్ళు, ఆ నాలుగు కాళ్ళనీ కింద కలుపుతూ అడ్డకర్రలు. చేరబడి సుఖపడదామంటే కుదరదు. దర్జాగా కూర్చోవాలి, నలుగురూ చూడాలి.

అసలు కథ కుర్చీలో లేదు, ఎవరు కూర్చోవాలన్న దాంట్లో ఉంది. రాజుగారూ రాణిగారూ ఉన్న చోట చేతుల కుర్చీ వాళ్ళకే. డ్యూకుల భార్యలకి వీపూ చేతులూ లేని చిన్న పీట. దాని పేరు తబూరే. మిగతా వాళ్ళంతా ఎంత గొప్పింటి ఆడవాళ్ళయినా గంటలకొద్దీ నిలబడాల్సిందే. ఆ పీట కోసం పెళ్ళి సంబంధాలు కుదిరేవి, చుట్టరికాలు చెడేవి.

ఇది చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. 1974లో నేను కాపరానికి వెళ్ళిన ఇంట్లో మూడు చేతుల కుర్చీలు, మావగారి వాలుకుర్చీ ఉండేవి. మావగారు సాధువు లాంటి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగరు. ఆయనెదుట నన్ను కుర్చీలో కూర్చోకూడదని ఎవరూ అనలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు. అత్తగారే కూర్చునేవారు కాదు, ఇక నేనెంత? ఏడో నెలలో ఒకరోజు నడుం లాగేస్తుంటే ఎవరూ లేరని కుర్చీలో కూలబడ్డాను. వీధిలో మావగారి దగ్గు వినపడగానే ఉలిక్కిపడి లేచి, తలుపు చాటున నిలబడ్డాను. వంటింట్లో మాత్రం నాకంటూ ఒక ముక్కాలిపీట ఉండేది. మూడు వందల ఏళ్ళ నాటి ఆ డచెస్సుకీ నాకూ ఉన్న తేడా, ఆవిడ పీట హాల్లో ఉంది, నాది పొయ్యి దగ్గరుంది!

ఆ మహారాజు గొప్పకి ఒక ముగింపు చెప్పి ముందుకి వెళ్దాం. వెర్సాయిలో బల్లలు, దీపస్తంభాలు అచ్చమైన వెండితో చేయించుకున్నాడు. 1689లో యుద్ధానికి డబ్బు చాలక వాటన్నిటినీ కరిగించేశాడు. ఆపదొస్తే వెండి కంచాలు కొట్టుకి చేరడం మన ఇళ్ళకే పరిమితం కాదన్నమాట.

ఆయన పోయాక మునిమనవడు పదిహేనో లూయీ వచ్చాడు. ముసలి రాజు చాటున బిగుసుకుపోయిన జనం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. పెద్ద పెద్ద హాళ్ళు వదిలి పారిస్‌లో చిన్న చిన్న గదులున్న ఇళ్ళు కట్టుకున్నారు. మనుషులు దగ్గరగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మొదలైంది. ఆ కబుర్ల గదులకి యజమానురాళ్ళు ఆడవాళ్ళు. చూడండి మరి, కుర్చీ కాలు వంగింది! పైన ఉబ్బి, కింద సన్నబడి, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకీ తిరిగింది. దాన్ని వాళ్ళు జింక కాలు అన్నారు. కాళ్ళని కట్టేసిన అడ్డకర్రలు మాయమయ్యాయి. చెక్క మీద గవ్వలు, లతలు, పూలు వచ్చాయి. దీన్నే రొకోకో అంటారు. బూషే వంటి చిత్రకారుల బొమ్మల్లోనూ అవే గులాబీలు, అవే లేత నీలాలు.

ఈ కుర్చీలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పాత కుర్చీకి చేతులు ముందు కాళ్ళ మీదే నిలబడేవి. ఈ కాలానికి వచ్చేసరికి చేతుల్ని వెనక్కి జరిపారు. ఎందుకంటే ఆడవాళ్ళు నడుముకి రెండు పక్కలా బుట్టల్లాంటి చట్రాలు కట్టుకుని పైన పావడాలు వేసుకునేవారు. పాత కుర్చీలో ఆ పావడాలు పట్టవు. అంచేత కుర్చీయే సర్దుకుంది. ఆడదాని కోసం కుర్చీ తన చేతులు వెనక్కి తీసుకుందంటే, లోకంలో ఏదో మారినట్టే కదా!

ఆ మార్పుకి పెద్ద దిక్కు మదామ్ పొంపదూర్. రాజవంశం కాదు, మామూలు ఉద్యోగస్తుల ఇంటి పిల్ల. 1745లో రాజుగారి ప్రియురాలిగా వెర్సాయి చేరింది. ఆ వరస మనం మెచ్చుకోలేం గానీ, ఆవిడ అభిరుచిని కాదనలేం. పింగాణీ కార్ఖానా 1756లో ఆవిడ మేడకి దగ్గర్లో ఉన్న సేవ్ర్ ఊరికి మారడం వెనక ఆవిడ పట్టుదల ఉంది. మూడేళ్ళకి దాన్ని రాజుగారే తీసుకున్నారు. ఆ కప్పులూ సాసర్లూ ప్రపంచమంతా పాకాయి. సాలార్‌జంగ్‌లోనూ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. నలభై రెండేళ్ళకే ఆవిడ వెళ్ళిపోయింది.

ఇక మనవడు పదహారో లూయీ. 1774లో గద్దె ఎక్కాడు. ఇక్కడ కాలు మళ్ళీ నిటారైంది. అయితే ముత్తాతల నాటి లావు కాలు కాదు. పైనుంచి కిందికి సన్నబడుతూ, ఒంటినిండా నిలువు గీతలతో, బాణాలు పెట్టుకునే అమ్ములపొదిలా ఉంటుంది. కారణం ఇటలీలో ఉంది. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపే తవ్వకాలు మొదలయ్యాయి. బూడిద కింద నుంచి బయటపడిన పాత రోమన్ ఇళ్ళు చూసి, వంకర్ల మీద మొహం మొత్తిన జనం సరళరేఖ మీద మోజుపడ్డారు. ఆ మాటకొస్తే పదహారో లూయీ రాజు కాకముందే ఆ మోజు మొదలైంది, పేరు మాత్రం ఆయనకి దక్కింది.

ఆయన రాణి మేరీ ఆంత్వానెత్. ఆవిడ బొమ్మలు గీసిన ఎలిజబెత్ విజే లెబ్రాఁ ఆవిడ ఈడుదే, ఇద్దరూ 1755లోనే పుట్టారు. అకాడమీలో ఆడవాళ్ళు నలుగురికి మించకూడదని నియమం. 1783లో విజే లెబ్రాఁని చేర్చుకున్నారు. ఆ ఏడే ఆవిడ రాణిగారిని పట్టూ నగలూ లేకుండా, తెల్లని మస్లిన్ గౌనులో, గడ్డి టోపీతో చిత్రించింది. గొప్ప గోలైంది. రాణిని లోపలి బట్టలతో చూపిస్తారా అన్నారు. మన పట్టు మగ్గాలు ఏం కావాలి, పరాయి దేశపు మస్లిన్ ఏమిటన్నారు. మస్లిన్ అంటే మరి మన దేశపు పేరే కదా వాళ్ళకి ముందు గుర్తొచ్చేది! ఆ బొమ్మ దించేసి, పట్టుగౌనులో ఉన్న బొమ్మ పెట్టారు. రాణి అయినా సరే, ఆడదాని కట్టూ బొట్టూ ఊరందరి వ్యవహారమే.

ఇంకో ముచ్చట. 1788లో మైసూరు టిప్పు సుల్తాన్ రాయబారులు వెర్సాయి వెళ్ళారు. ఇంగ్లీషువాళ్ళ మీద సాయం అడగడానికి. వాళ్ళలో మహమ్మద్ దర్వేష్ ఖాన్ నిలువెత్తు చిత్రాన్ని గీసింది కూడా ఈ విజే లెబ్రాఁయే. సాయం అందలేదు, కానుకలు అందాయి. మన సాలార్‌జంగ్ దంతపు గదిలో ఉన్న దంతపు కుర్చీలు పదహారో లూయీ టిప్పుకి పంపినవేనని చెబుతారు. మరుసటి ఏడే విప్లవం. మింగ మెతుకు లేని జనం ఊరుకుంటారా? విజే లెబ్రాఁ చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని దేశం విడిచి, ఊరూరా బొమ్మలు గీసి బతికింది. 1793లో రాజు తలా, రాణి తలా తెగాయి. ఆ ఏడే వెర్సాయి సామాను వేలం మొదలైంది. ఏడాది పొడుగునా 17 వేలకు పైగా పాటలు. కుర్చీలు మిగిలాయి, కూర్చున్నవాళ్ళు మిగల్లేదు.

ఖాళీ అయిన గద్దె మీద 1804లో నెపోలియన్ చక్రవర్తిగా కూర్చున్నాడు. ఆ పట్టాభిషేకాన్ని దావీద్ అనే చిత్రకారుడు గోడంత బొమ్మగా గీశాడు. అంతకు ముందు 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తాడు కాబట్టి కుర్చీలకి స్ఫింక్సు తలలు, సింహం పంజాలు, నల్లచేవ లాంటి మహాగని కర్ర మీద కంచు బిళ్ళలు వచ్చాయి. మళ్ళీ దర్జా, మళ్ళీ బిగువు. ఆడవాళ్ళ కబుర్ల కుర్చీ మళ్ళీ సైనికుడి కుర్చీ అయింది. అది 1815తో సరి.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు రాజులు కాదు, షావుకార్లు. వాళ్ళకి యంత్రాలున్నాయి, డబ్బుంది, ముత్తాతల చరిత్ర మాత్రం లేదు. అంచేత అన్ని లూయీలనీ ఒకేసారి చేయించుకున్నారు. ఒక గదికి పద్నాలుగో వాడు, ఇంకో గదికి పదిహేనో వాడు. మన మాదాపూర్ సోఫా ఈ వంశంలోదే. మన నవాబులు చూసిన పారిస్ కూడా ఇదే. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్ళి, పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుని, ఆ బాధతోనే యాత్ర సాగించాడు. మనవడు మూడో సాలార్‌జంగ్ జీవితమంతా పోగుచేసిన సామానుతో 1951లో నెహ్రూగారి చేతుల మీదుగా మ్యూజియం తెరిచారు.

అదే కాలంలో పారిస్‌లో ఇంకో పక్క చిత్రకారులు రాజుల గదులు వదిలి ఎండలోకి నడిచారు. 1874లో మోనే, దెగా, రెన్వార్ మొదలైనవాళ్ళు అకాడమీతో పనిలేకుండా సొంత ప్రదర్శన పెట్టుకున్నారు. ఇంప్రెషనిస్టులని ఎగతాళిగా వచ్చిన పేరే వాళ్ళకి నిలిచింది. వాళ్ళలో బెర్త్ మొరిసో అనే ఆవిడ ఉయ్యాల్లో బిడ్డని చూస్తున్న తల్లి బొమ్మ పెట్టింది. ఆ తల్లి ఆవిడ అక్క ఎద్మా. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి చిత్రలేఖనం నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక అక్క కుంచె వదిలేసింది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా బిడ్డ మీద కంటే ఆ తల్లి చెంప కింద ఆనించుకున్న చేతి మీదికే నా చూపు పోతుంది. పారిస్ ప్రభుత్వ కళాశాల గడప ఆడపిల్లలు తొక్కడానికి 1897 దాకా ఆగాల్సి వచ్చింది.

1900 నాటికి మళ్ళీ తీగెలూ లతలూ వచ్చాయి. పారిస్ మెట్రో స్టేషన్ల ముందు గిమార్ పోతపోయించిన ఇనప కొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 1925 పారిస్ ప్రదర్శన పేరు మీద ఆర్ట్ డెకో వచ్చింది. బొంబాయి మెరైన్ డ్రైవ్ మేడలు ఆ బాపతే.

ఇక చివరి కుర్చీ. 1927లో షార్లొట్ పెరియాఁ అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి లెకొర్బూజియె అనే పేరున్న వాస్తుశిల్పి దగ్గరికి ఉద్యోగానికి వెళ్ళింది. మేమిక్కడ దిళ్ళ మీద కుట్టుపనులు చేయమని ఆయన పంపేశాడట. కొద్ది నెలలకే ఆ అమ్మాయి ఉక్కూ గాజూ అల్యూమినియంతో చేసిన గదిని ప్రదర్శనలో చూసి, తనే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఆవిడ సైకిలు గొట్టం లాంటి ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేసింది. చెక్క కాలు పోయింది, పువ్వు పోయింది, రాజు పోయాడు. పనిచేసే మనిషి వెన్నుపూస ఎలా వంగుతుందో అదే కుర్చీ ఆకారం. ఎన్నో ఏళ్ళు అవి ఆయన కుర్చీలుగానే చెలామణీ అయ్యాయి. ఇప్పుడు ఆవిడ పేరూ, వాళ్ళతో పనిచేసిన పియెర్ జానెరె పేరూ కలిపి చెబుతున్నారు. ఈ జానెరెయే తర్వాత చండీగఢ్ వచ్చి, ఆఫీసుల కోసం టేకూ పేమూ కలిపి కుర్చీలు చేయించాడు. మన గుమాస్తాలు వాటి మీద కూర్చుని, పాతబడ్డాయని తుక్కు కింద పడేస్తే, బయటి దేశాలవాళ్ళు కొనుక్కుపోయి లక్షలకు వేలం వేసుకున్నారు. 2011లో మన ప్రభుత్వం వాటిని దేశం దాటించకూడదని ఆంక్ష పెట్టింది. వెర్సాయి వేలం చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

ఆ ఉక్కు కుర్చీ వంశంలోదే మా కోడలి ఆఫీసు కుర్చీ. 1998లో మాదాపూర్ బండరాళ్ళ మధ్య సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ చుట్టుపక్కల ఇలాంటి కుర్చీలు లక్షల్లో వచ్చి ఉంటాయి. నాలుగు కాళ్ళు కాదు, అయిదు. అయిదు కాళ్ళకి అయిదు చక్రాలు. మేనేజరుకైనా, నిన్న చేరిన పిల్లకైనా ఇంచుమించు అదే కుర్చీ. పద్నాలుగో లూయీ చూస్తే మూర్ఛపోయేవాడు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆఫీసువాళ్ళు ఆ కుర్చీని ఇంటికి పంపారు. కోడలు దాన్ని హాల్లో వేసుకుని, మావారి ఎదుటే పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చునేది. నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టేదాన్ని. అబద్ధం చెప్పను, మొదట్లో ఎక్కడో చివుక్కుమంది. మావగారి దగ్గు విని లేచిన మనిషిని కదా! ఒకరోజు రాత్రి పదకొండింటికి ఆ పిల్ల మీటింగులో మాట్లాడుతూనే ఒక చేత్తో నడుం నొక్కుకోవడం చూశాను. కాపరానికి వచ్చిన కొత్తల్లో నేను నొక్కుకున్న చోటే. నిలబడి నేను పడ్డ నొప్పి ఆ పిల్ల కూర్చుని పడుతోంది. కుర్చీ దొరకడం ఒక ఎత్తు, అందులోంచి లేవగలగడం ఇంకో ఎత్తు. మర్నాటి నుంచి కాఫీతో పాటు వేడినీళ్ళ సంచీ కూడా తెచ్చిపెట్టాను.

మ్యూజియం నుంచి వచ్చాక ఈ కథంతా కోడలికి చెప్పాను. తబూరే దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల నవ్వలేదు. "అత్తయ్యా, మన హాల్లో మావయ్యగారికి వాలుకుర్చీ ఉంది, నాకిదుంది, ఆయనకి ఆ బీన్ బ్యాగుంది. మీ కుర్చీ ఏది?" అంది.

నేను చుట్టూ చూశాను. వంటింటి గుమ్మం పక్కన ప్లాస్టిక్ స్టూలు ఉంది. వీపు లేదు, చేతులు లేవు. ఎవరూ కూర్చోమనలేదు, నేనే కూర్చుంటున్నాను, ఇన్నేళ్ళుగా.

సోఫా ఇంకా కొనలేదు. ఆ శనివారం మాత్రం ఒక పేము కుర్చీ కొనుక్కున్నాం. ఏ లూయీదీ కాదు. నాలుగు కాళ్ళూ నిటారుగా ఉన్నాయి, చేతులు కాస్త వెనక్కున్నాయి, చీర కుచ్చెళ్ళు నలగవు. ఈ వ్యాసం అందులో కూర్చునే రాస్తున్నాను. ఇందాక మావారు బజారు నుంచి వస్తూ గుమ్మంలో దగ్గారు. కాలు కదిలిన మాట నిజం. లేవలేదు.